పోటు వేళ గాలం

చేప పడాలంటే నీళ్ళు ఎక్కాలి. నీళ్ళు ఎక్కుతుంటే మనం వెనక్కి రావాలి. అండమాన్ ఒడ్డున గాలం పట్టుకుని నిలబడే సెలవుల సరదా అంతా ఈ రెండింటి మధ్యే ఉంది!

మావాడికి పదకొండేళ్ళు. వాళ్ళ తాతయ్య పక్కన కూర్చుని పంటకాలవలో గాలం వేయడం వాడికి అలవాటే. వానపాము గుచ్చడం, బెండు మునగ్గానే కర్ర లాగడం... అన్నీ వచ్చు. అందుకే అండమాన్ ప్రయాణం అనగానే సెల్యులార్ జైలూ, అద్దాల పడవా ఏవీ వాడి చెవికెక్కలేదు. 'సముద్రంలో గాలం వేద్దామా నాన్నా?' అదొక్కటే ప్రశ్న. వేద్దామన్నాను. కాలవకీ సముద్రానికీ తేడా ఎంతలే అనుకున్నాను మరి!

పోర్ట్‌బ్లెయిర్ (2024 నుంచి శ్రీవిజయపురం) బజారులో కర్ర కోసం వెతుకుతుంటే దుకాణదారు నవ్వాడు. చేతి గాలం చాలట. ఖాళీ ప్లాస్టిక్ సీసాకి చుట్టిన నైలాన్ తాడు, దాని చివర సీసం గుండు, కాస్త ఎడంగా కొక్కెం. ఎరకి రొయ్య ముక్క. సీసా మెడ ఒక చేత్తో పట్టుకుని అడుగు భాగాన్ని సముద్రం వైపు చూపించాలి. రెండో చేత్తో గుండుని గిరగిరా తిప్పి వదిలితే తాడు సీసా మీంచి జరజరా జారిపోతుంది. చేప కొరికినప్పుడు ఆ అదురు నేరుగా వేలికే తెలుస్తుంది. బెండుతో పనే లేదు. విసిరేటప్పుడు వెనకాల ఎవరూ లేకుండా చూసుకోవడం మాత్రం ముఖ్యం. మొదటిసారి మా ఆవిడ చున్నీకే కొక్కెం తగిలింది!

ఎక్కడపడితే అక్కడ గాలం వేయడానికి లేదు. వండూరు దగ్గర 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సాగర జాతీయవనం, హ్యావ్‌లాక్‌కి దగ్గర్లోని రాణీ ఝాన్సీ సాగర జాతీయవనం రక్షిత ప్రాంతాలు. మిగతాచోట్ల కూడా అనుమతుల సంగతి మత్స్యశాఖ దగ్గరే కనుక్కోవడం మంచిది. హోటల్ వాళ్ళు 'ఏం ఫర్వాలేదు సార్' అంటారు. వాళ్ళకేం! మేం ముందురోజే వాకబు చేసుకుని నీల్ దీవికి పడవెక్కాం. 2018లో దానికి షహీద్ ద్వీప్ అని పేరు పెట్టారు. అక్కడి ఊళ్ళ పేర్లు వింటే మనకి ముచ్చటేస్తుంది: రామ్‌నగర్, సీతాపూర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులు కట్టుకున్న ఊళ్ళవి.

ఫిబ్రవరి నెల. పున్నమి వెళ్ళిన మర్నాడు. మధ్యాహ్నం మూడున్నరకి సీతాపూర్ వైపు వెళ్తే సముద్రం ఎక్కడో దూరంగా ఉంది. ఒడ్డు నుంచి అక్కడిదాకా అంతా బయటపడ్డ రాతి చపటా. మధ్యమధ్య నీటి గుంటలు, వాటిలో రంగురంగుల చేపపిల్లలు. బంగాళాదుంపల్లా నల్లగా పడి ఉన్న సముద్ర దోసకాయలు. బతికున్న పగడం మీద కాలు పడకుండా చూసుకుంటూ రెండొందల అడుగులు లోపలికి నడిచి చపటా అంచున నిలబడ్డాం.

మొదటి అరగంట ఏమీ లేదు. రెండుసార్లు గుండు రాళ్ళలో ఇరుక్కుంది. ఒకసారి తెగింది కూడా. నాలుగున్నర దాటాక మొదలైంది చూడండి! వేసిన ఎర వేసినట్టే మాయమవుతోంది. మావాడి చెయ్యి ఒక్క ఊపున ముందుకి పోయింది. 'నాన్నా!' అని కేక. పైకి లాగితే జానెడు చేప, ఒళ్ళంతా మచ్చలు. పగడాల దిబ్బల్లో ఉండే గ్రూపర్ పిల్ల అది. చెయ్యి తడుపుకుని పట్టుకున్నాం, కొక్కెం తీశాం, నీళ్ళలో వదిలేశాం. వాడు ఒప్పుకోలేదు, బతిమాలాల్సి వచ్చింది. ఈ జాతిలో చాలా రకాలు ఆడచేపలుగా మొదలై పెద్దయ్యాక మగవిగా మారతాయి. చిన్నప్పుడే పట్టేస్తే ఇటు గుడ్లూ ఉండవు, రేపటికి మగచేపలూ ఉండవు. ఇదంతా చెబుతుంటే వాడు రెండో ఎర గుచ్చేస్తున్నాడు.

ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి. వెండిలా మెరిసే పారపిల్లలు రెండు, పేరు తెలియనిది ఇంకోటి. టైము చూసే తీరిక ఎవరికుంది? అండమాన్ తూర్పున ఎంతో దూరంలో ఉన్నా గడియారం మాత్రం మనదే. శీతాకాలం సాయంత్రం ఐదున్నరకే సూర్యుడు దిగిపోతాడు. ఆ సంగతి తెలిసీ మర్చిపోయాను.

ఒడ్డు మీంచి ఎవరో అరుస్తున్నారు. ముందు పట్టించుకోలేదు. 'పానీ! పీఛే దేఖో!' వెనక్కి తిరిగితే గుండె జారింది. మేం నిలబడ్డ చోటు ఇంకా పొడిగానే ఉంది. మాకూ ఒడ్డుకీ మధ్యనున్న పల్లం మాత్రం నిండిపోయింది! సముద్రం ముందు నుంచి వస్తుందనుకుంటాం. అది పక్కల నుంచి వచ్చి వెనకాల చేరింది.

గాలాలు సంచిలో పడేసి వాడి చెయ్యి పట్టుకుని దిగాను. మోకాలు దాటింది. వాడికైతే తొడ దాకా. చీకట్లో కింద ఏముందో కనిపించదు. ముళ్ళు పొడిస్తే విషమెక్కే రాతిచేపలు ఉంటాయని పొద్దున్నే చదివిన సంగతి అప్పుడే గుర్తుకు రావాలా! ఆ అరిచిన బెంగాలీ పెద్దమనిషి టార్చి పట్టుకుని ఎదురొచ్చి, ఎటు అడుగేయాలో చూపించాడు. ఒడ్డుకి చేరాక ఆయన నన్నేమీ అనలేదు. మా ఆవిడ మాత్రం ఆ రాత్రంతా అంది.

జరిగిందేమిటో నాకు అర్థమైంది రెండ్రోజుల తర్వాత, పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్ చేపల రేవులో. అక్కడ అడుగు పెడితే భీమిలిలోనో కళింగపట్నంలోనో ఉన్నట్టుంటుంది. 1950ల్లో మొదలుకొని మన కోస్తా జాలరి కుటుంబాలు అక్కడికి వెళ్ళి స్థిరపడ్డాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. వల బాగుచేసుకుంటున్న ఓ శ్రీకాకుళం పెద్దాయన మా కథంతా విని అడిగిన మొదటి మాట, 'ఏ తిథి బాబూ?'

పాడ్యమి అన్నాను. 'మరింకేటి! పున్నమి పోటది' అన్నాడు.

సముద్రానికి రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఒకదాన్నుంచి ఇంకోదానికి సుమారు ఆరు గంటలు. రోజురోజుకీ యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్యకీ పున్నమికీ సూర్యచంద్రులు ఒకే వరసలో నిలబడి లాగుతారు కాబట్టి ఆ రోజుల్లో, ఆ తర్వాత ఒకట్రెండు రోజులు పోటు పెద్దది. అండమాన్‌లో అప్పుడు నీరు ఇంచుమించు రెండు మీటర్లు ఎక్కిదిగుతుంది. అష్టమి, నవముల్లో లాగుడు చీలిపోయి పోటు మెత్తబడుతుంది. మనిళ్ళలో గోడకి వేలాడే పంచాంగం క్యాలెండరే జాలరికి పోటు పట్టిక!

అసలు మోసమంతా నీరెక్కే తీరులో ఉంది. ఎక్కాల్సిన నీటిని పన్నెండు వంతులు చేస్తే మొదటి గంటలో ఎక్కేది ఒక వంతే. రెండో గంటలో రెండు. మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు. ఏం ఫర్వాలేదులే అని మనం ధైర్యంగా నిలబడిన గంట తర్వాతే అది పరుగందుకుంటుంది. చపటా మీద ఎండిపోయిన మేతకోసం చేపలు వచ్చేది కూడా సరిగ్గా ఆ నీటితోనే. చేప పడే వేళా, దారి మూసుకుపోయే వేళా ఒకటే అన్నమాట.

'పిల్లడితో అయితే అష్టమికి రండి' అన్నాడాయన. చేపలు కొంచెం తక్కువ పడితే పడ్డాయట. ఇంకోమాట కూడా చెప్పాడు. ఎప్పుడో వచ్చి వెళ్ళినవాళ్ళు చెప్పిన రాయి గుర్తులు నమ్మొద్దని. నిజమే. 2004 డిసెంబరు 26 భూకంపానికి ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి పగడాలు గాలికి ఎండిపోయాయి. దక్షిణాన కుంగింది. సిప్పీఘాట్‌లో వరి పండిన పొలాల్లో ఉప్పునీళ్ళు నిలిచిపోయాయి.

పారలు పట్టామంటే ఆయన ముఖం వెలిగింది. ఆ పేరు పాతదే. విశాఖ తీరపు చేపల మీద పాట్రిక్ రస్సెల్ రాసి 1803లో లండన్‌లో అచ్చేయించిన పుస్తకంలో మన జాలర్ల నోటి పేర్లే ఉన్నాయి, పారలతో సహా. మేం పట్టినవి అరచేతంత. వాటి పెద్దన్న 'జెయింట్ ట్రెవల్లీ' యాభై కిలోలు దాటుతుంది. దానికోసమే విదేశాల నుంచి ఖరీదైన కర్రలు మోసుకుని అండమాన్ వచ్చేవాళ్ళున్నారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి మరికొన్ని సంగతులు. చెప్పుల్లో కాదు, గట్టి అడుగున్న బూట్లలోనే రాళ్ళమీదికి దిగాలి. మడ అడవుల పక్కన, వాగులు కలిసే చోట గాలం వద్దే వద్దు. ఉప్పునీటి మొసళ్ళుంటాయి. 2010లో హ్యావ్‌లాక్‌లో ఒక అమెరికన్ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. బంతిలా ఉబ్బే చేపనీ, శంకు ఆకారపు గవ్వల్నీ పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. పట్టిన చేప ఏదో స్థానికులు చెప్పందే వండుకోవద్దు. పగడాల దిబ్బల మీది పెద్ద చేపల్లో ఒక్కోసారి ఉండే విషం ఎంత ఉడికించినా పోదు. తెగిన తాడు ముక్కలు కూడా సంచిలోనే వెనక్కి తెచ్చుకోండి. పగడం ముక్క మాత్రం తేవద్దు, అది నేరం.

ఇంటికొచ్చి నెలరోజులైంది. మొన్న చూస్తే మావాడు కుర్చీ వేసుకుని గోడమీది క్యాలెండర్ తిరగేస్తున్నాడు.

'నాన్నా, దసరా సెలవుల్లో అష్టమి ఉంది!'

'అప్పుడక్కడ వానల్రా.'

కాసేపు ఆగి, 'అయితే సంక్రాంతికి ఏ తిథి?' అన్నాడు. అది ఏటా మారుతుంది మరి. కొత్త పంచాంగం వచ్చేదాకా ఆగమన్నాను.