కుర్రాళ్ల పాట ఎవరి పేరు మీద?

2025లో మన దేశంలో ఒక కొత్త పాటల బృందం పుట్టింది. పేరు అవుట్‌స్టేషన్. ఐదుగురు కుర్రాళ్లు, ఒక్కొక్కరిదీ ఒక్కో ఊరు. వారిలో ఒకరిది హైదరాబాద్. వాళ్లను ఏరి, జట్టుగా కూర్చి, తర్ఫీదు ఇప్పించినవాడు సవన్ కొటేచా అనే భారతీయ సంతతి అమెరికన్ పాటల రచయిత. వన్ డైరెక్షన్ అనే బ్రిటన్ కుర్రాళ్ల బృందానికి 2011లో పేరు తెచ్చిన మొదటి పాట రాసిన ముగ్గురిలో ఆయన ఒకడు. అక్కడ పండిన విద్యనే ఇక్కడ నాటాడు. అవుట్‌స్టేషన్ తొలి పాట ‘తుమ్ సే’ హిందీలో వచ్చింది.

ఈ కబురు చదివిన తెలుగువాడికి ఒక సందేహం రావాలి. మనం పాటంటే చెవి కోసుకునే జనం. పాడే కుర్రాళ్లకూ మనకు కరువు లేదు. టీవీ పోటీలు పెడితే ఊరూరా బారులు తీరతారు. అయినా ఈడు కుర్రాళ్లు నలుగురైదుగురు జట్టు కట్టి, తమ పేరు మీద ఒక ఆల్బం వేసి, దాన్ని పల్లె నుంచి పట్నం దాకా అందరి చేతా పాడించిన కథ తెలుగులో లేదు. కర్నూలు జిల్లా పడమటి కొసన ఉన్న ఆలూరులో ఏ కుర్రాడి ఫోను తెరిచినా తెలుగు సినిమా పాటలుంటాయి. బళ్లారి పక్కనే కాబట్టి కన్నడ పాటలూ ఉంటాయి. అక్కడక్కడా కొరియా వాళ్ల బీటీఎస్ కూడా వినబడుతుంది. తన ఈడువాళ్లు తన భాషలో సొంతంగా పాడుకున్న ఆల్బం మాత్రం అరుదు. ఎందుకు? అది తెలియాలంటే ముందు ఆ సరుకు ఎలా తయారవుతుందో చూడాలి.

ఒక్క పాట, ఐదు గొంతులు

కుర్రాళ్ల బృందాలు ఎక్కువగా పాడే పాప్ రాక్‌లో రెండు పాళ్లున్నాయి. రాక్ పాలు వాయిద్యాలది: డ్రమ్స్, బేస్ గిటారు, ఎలక్ట్రిక్ గిటారు. నాలుగు లెక్కల నడకలో రెండో లెక్క మీద, నాలుగో లెక్క మీద స్నేర్ డ్రమ్ దెబ్బ గట్టిగా పడుతుంది. శ్రోత తల ఊపేది ఆ దెబ్బకే. గిటారులో వినిపించే గరగర శబ్దం పుట్టుకలో లోపమే. యాంప్లిఫయరుకు మోయలేనంత సంకేతం పంపితే ధ్వని తరంగం కొసలు తెగిపోతాయి, అసలు స్వరానికి లేని అదనపు స్వరాంశాలు పుట్టుకొస్తాయి. ఆ లోపాన్నే వాద్యకారులు కావాలని తెచ్చుకుని అందం చేసుకున్నారు. ఇక పాప్ పాలు బాణీది. ఒక్కసారి వింటే నోట నిలిచేలా ఉండాలి.

పాట కట్టుబడిలో మనకూ వాళ్లకూ పెద్ద తేడా ఉంది. మన సినిమా పాట సాధారణంగా పల్లవితోనే మొదలవుతుంది. తర్వాత వాయిద్య సంగీతం, చరణం, మళ్లీ పల్లవి. అసలు విషయం ముందే చెప్పేసి, ఆ తర్వాత విడమరుస్తాం. పాప్ పాట చాలావరకు చరణంతో మొదలవుతుంది. తక్కువ స్థాయిలో, తక్కువ వాయిద్యాలతో నడిచి, మధ్యలో నాలుగు పాదాల మెట్టు ఎక్కి, అప్పుడు పల్లవి మీద పడుతుంది. అక్కడ డ్రమ్స్, గిటార్లు, గొంతులు అన్నీ ఒక్కసారిగా అందుకుంటాయి. వన్ డైరెక్షన్ మొదటి పాట విన్నా, బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ పాట విన్నా ఈ ఎదురుచూపు, ఈ విడుదల స్పష్టంగా తెలుస్తాయి. ఇటీవల ఆ ఎదురుచూపు కురచ అవుతోంది. స్పాటిఫై లాంటి చోట కనీసం 30 సెకన్లు వింటేనే ఒక వినికిడిగా లెక్క. ఆలోపు శ్రోత జారిపోకుండా పల్లవి తొందరగా రావాలి.

అసలు కిటుకు గొంతుల్లో ఉంది. మన సంగీతం ఒంటి బాణీ సంగీతం. పదిమంది కలిసి పాడినా పదిమందీ ఒకే స్వరం మీద నిలుస్తారు. కుర్రాళ్ల బృందం పల్లవిలో అలా కాదు, ఒకడు షడ్జమం పట్టుకుంటే రెండోవాడు అంతర గాంధారం, మూడోవాడు పంచమం పట్టుకుంటాడు. హార్మోనియం మీద ఆ మూడు మెట్లూ ఒకేసారి నొక్కి చూడండి, ఆ నిండుతనం ఏమిటో తెలుస్తుంది. బాణీ కదిలేకొద్దీ మూడు గొంతులూ వేర్వేరు దారుల్లో దానితోపాటే కదలాలి. పక్కవాడి స్వరంలోకి జారిపోకుండా తన స్వరం మీద నిలవడం చాలా సాధన మీద గానీ రాదు.

చరణాలను పంచడంలోనూ లెక్క ఉంటుంది. మంద్రంలో నిండుగా పలికేవాడు పాట మొదలుపెడతాడు. గాలిగొంతుతో పై స్థాయి అందుకోగలిగినవాడికి చివరి పల్లవిలో తారస్థాయి ఆలాపన. మాటల వేగం ఉన్నవాడికి ర్యాప్. శ్రోతలు ఈ గొంతుల్లో ఒకదాన్ని తమదిగా ఎంచుకుంటారు. నా వాడు ఎప్పుడు పాడతాడా అని ఎదురుచూస్తారు. స్టూడియోలో వీళ్లందరూ కలిసి నిలబడి పాడటం తక్కువే. ఒక్కొక్కరు విడివిడిగా, అదే పాదాన్ని పదే పదే పాడతారు. వాటిలో మేలైనవి ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఐదుగురిని పాతికమందిలా వినిపిస్తాడు మిక్సింగ్ ఇంజినీరు.

ఏరి కూర్చిన స్నేహం

ఇంత పని కుర్రాళ్లు మాత్రమే చేయలేరు. వెనక ఒక యంత్రాంగం ఉంటుంది. ఆ యంత్రాంగానికీ కుర్రాళ్లకూ మధ్య పెనుగులాటే ఈ బృందాల చరిత్ర.

అమెరికాలో 1966లో మొదలైన ఒక టీవీ ధారావాహిక కోసం నలుగురు కుర్రాళ్లను ప్రకటన ఇచ్చి ఎంచి ‘ది మంకీస్’ అని పేరు పెట్టారు. పాటలు వేరేవాళ్లు రాశారు, వాయిద్యాలు వేరేవాళ్లు వాయించారు, వీళ్లు గొంతిచ్చారు. మొదటి రెండు ఆల్బంలూ విరగబడి అమ్ముడుపోయాయి. అయినా కుర్రాళ్లు మొండికేశారు. మా పేరు మీద వచ్చేది మేమే వాయించాలని పట్టుబట్టి, 1967లో ‘హెడ్‌క్వార్టర్స్’ అనే మూడో ఆల్బం తమ చేతులతో వాయించి వేశారు. అదీ అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కింది.

వన్ డైరెక్షన్ కథ మరో రకం. 2010లో బ్రిటన్ టీవీ పోటీకి ఐదుగురూ విడివిడిగా వచ్చారు. ఒంటరిగా నెగ్గలేరనుకున్న న్యాయనిర్ణేతలు వాళ్లను ఒక జట్టుగా కలిపారు. పోటీలో వచ్చింది మూడో స్థానమే, లోకంలో వచ్చింది మొదటి స్థానం. ముక్కూమొహం తెలియని ఐదుగురి మధ్య స్నేహాన్ని కూర్చి, ఆ స్నేహాన్నే పాటతోపాటు అమ్మవచ్చని ఆ బృందం రుజువు చేసింది.

దీనికి చీకటి వైపూ ఉంది. 1993లో ఫ్లారిడాలో బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్‌ను కూర్చిన లూ పెర్ల్‌మన్ ఒప్పందంలో తనను ఆరో సభ్యుడిగా రాసుకుని వాటా తీసుకున్నాడు. కుర్రాళ్లు కోర్టుకెక్కాల్సి వచ్చింది. తర్వాత పెట్టుబడుల మోసం కేసులో 2008లో ఆయనకు 25 ఏళ్ల శిక్ష పడింది. కొరియాలో టీవీఎక్స్‌క్యూ బృందంలో ముగ్గురు 2009లో తమ 13 ఏళ్ల ఒప్పందం మీద దావా వేశారు. అదే సంవత్సరం అక్కడి ప్రభుత్వ సంస్థ ఏడేళ్ల హద్దుతో నమూనా ఒప్పందం తెచ్చింది. 2013లో బయటికొచ్చిన బీటీఎస్ కుర్రాళ్లు మొదటి నుంచీ తమ పాటల రచనలో చేయి పెట్టారు. 2018లో వాళ్ల కొరియన్ ఆల్బం అమెరికాలో మొదటి స్థానానికి చేరినప్పుడు, అది కొరియా కుర్రాళ్ల సొంత మాటగా చేరింది.

మన దగ్గర పాట ఎవరిది?

తెలుగులో సినిమాతో పనిలేని పాటకు ఒకప్పుడు మంచి గిరాకీయే ఉండేది. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతి కలిసి పాడిన ప్రైవేటు రికార్డులు ఇళ్లలో మోగాయి. కరుణశ్రీ పద్యాలకు ఘంటసాల గొంతిచ్చిన పుష్పవిలాపం సినిమా పాటకు దీటుగా నిలిచింది. రేడియో లలిత సంగీతానికి ప్రత్యేకంగా వేళ కేటాయించింది. తర్వాత సినిమా ఆ చోటంతా ఆక్రమించింది. కారణం రుచి కంటే డబ్బులో ఉంది. సినిమా పాటకు ఖర్చు నిర్మాత పెడతాడు, ప్రచారం హీరో చేస్తాడు, దృశ్యం ఉచితంగా వస్తుంది. సొంత ఆల్బం వేసేవాడికి ఈ మూడూ జేబులోంచి పోవాలి.

1990లలో ఉత్తరాదిన పాప్ ఆల్బంల గాలి వీచింది. 2000ల మొదట్లో ముంబయిలో ‘ఎ బ్యాండ్ ఆఫ్ బాయ్స్’ అనే కుర్రాళ్ల బృందమూ వచ్చింది. తెలుగులో స్మిత లాంటివాళ్లు ఒంటరిగా పాప్ ఆల్బంలు వేసి పేరు తెచ్చుకున్నారు. కుర్రాళ్ల జట్టు మాత్రం మనకు వెండితెర మీదే కనబడింది. శంకర్ తీసిన ‘బాయ్స్’ 2003లో తెలుగులోకీ వచ్చింది. బ్యాండు కట్టి పాటతో నిలదొక్కుకునే కుర్రాళ్ల కథ. పాటలన్నీ ఏ.ఆర్. రెహమాన్‌వి. అందులో ఒక కుర్రాడిగా వేసిన తమన్ తర్వాత తెలుగు సినిమాకు పెద్ద సంగీత దర్శకుడయ్యాడు. 2010 నాటి ‘వేదం’లో మంచు మనోజ్ వేసిందీ రాక్ బ్యాండు కుర్రాడి పాత్రే. అంటే బ్యాండు కూడా మనకు సినిమాలో ఒక పాత్రగానే అందింది.

నిజమైన బ్యాండు అసలే లేదనడం తప్పు. హైదరాబాద్‌లో పుట్టిన చౌరస్తా బృందం జానపద పలుకుబడికి గిటారు, రెగే నడక జోడించి ‘ఊరెళ్లిపోతా మామ’ పాటతో జనంలోకి వెళ్లింది. పట్నంలో ఇమడలేనివాడు తన గోడు తానే చెప్పుకున్న పాట అది. దాన్ని పాడిన రామ్ మిరియాల తర్వాత ‘జాతిరత్నాలు’లో, ‘డీజే టిల్లు’లో సినిమా గొంతయ్యాడు. బ్యాండు పేరు తెస్తుంది, సినిమా అన్నం పెడుతుంది. అందుకే మంచి గొంతులు అటే వెళ్తాయి. ఇందులో వాళ్లను తప్పుపట్టాల్సింది లేదు. కాకపోతే సినిమాలో పాడేవాడు ఎప్పుడూ ఇంకొకరి తరఫున పాడతాడు. హీరో ప్రేమ, హీరో కోపం, హీరో తాగుడు. పెదవులు ఒకరివి, గొంతు ఇంకొకరిది. బృందం ఆల్బంలో మాత్రం ‘నేను’ అన్న మాట పాడేవాడిదే అయి ఉండాలి. తెలుగులో లోటు ఈ ‘నేను’కే.

జట్టు మనకు కొత్త కాదు

రాయలసీమ పల్లెల్లో చెక్కభజన జట్టును చూసినవాళ్లకు కుర్రాళ్ల బృందం వింతగా తోచదు. ఊరి కుర్రాళ్లు పదీ పన్నెండుమంది. పొలం పనులు తగ్గిన రోజుల్లో రాత్రిపూట రామాలయం ముందు సాధన. అడుగులు నేర్పడానికి ఒక గురువు. కాళ్లకు గజ్జెలు, చేతుల్లో గలగలలాడే చెక్కలు, అందరికీ ఒకే రకం నడికట్టు, తలగుడ్డ. గురువు పాదం అందిస్తే జట్టు అందుకుంటుంది. తాళం మారితే అడుగు మారుతుంది, అడుగు మారితే వరస మారుతుంది. ఒక్కడు తప్పినా వరసంతా చెదురుతుంది. కొరియా సంస్థలు అద్దాల గదుల్లో ఏళ్ల తరబడి నేర్పే క్రమశిక్షణలో సగం ఇక్కడ వేసవి రాత్రుల్లో నేర్పుతారు.

తేడాలు రెండు. ఒకటి సంగీతానిది: భజనలో అందరిదీ ఒకే బాణీ, బ్యాండులో బాణీ కింద బాణీ నడుస్తుంది. రెండోది మాటది: భజనలో పాట రాముడిది, కృష్ణుడిది. కుర్రాళ్లు తమను తాము పక్కన పెట్టి పాడతారు. మొదటి తేడాను కీబోర్డు తెలిసిన ఒక గురువు పూడ్చగలడు. రెండోదాన్ని కుర్రాళ్లే పూడ్చుకోవాలి.

ఆలూరు కుర్రాళ్లు అలా రాయడానికి కూర్చుంటే సరుకుకు కొదవ లేదు. వాన పడని ఏడు ఇంటికి తాళం పెట్టి గుంటూరు వైపు మిరపకాయల కోతకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయే తల్లిదండ్రులు, అవ్వ దగ్గర మిగిలిపోయే పిల్లలు, హాస్టల్ చదువు, బళ్లారి బస్సు, తెలుగూ కన్నడమూ కలగలిసిన స్నేహాలు, పత్తి ధర మీద ఆధారపడ్డ అక్క పెళ్లి. ఏ సినిమా హీరో తరఫునా ఇవి పాడలేరు. ఆస్ట్రేలియాలో సిడ్నీ శివారు కుర్రాళ్లు 5 సెకండ్స్ ఆఫ్ సమ్మర్ అన్న పేరుతో 2011లో ఇంట్లో పాడుకుని యూట్యూబ్‌లో పెట్టారు. 2014లో వాళ్ల తొలి ఆల్బం అమెరికాలో మొదటి స్థానంలో దిగింది. అందరికీ అంత దశ తిరగదు. కానీ మొదలు పెట్టడానికి మునుపటిలా మద్రాసు రైలెక్కనక్కర లేదు. ఒక గిటారు, ఒక మంచి మైకు, ల్యాప్‌టాప్, చప్పుడు లేని గది ఉంటే తొలి పాట బయటికొస్తుంది.

మొదలుపెట్టేవాళ్లు గిటారు కంటే ముందు నేర్చుకోవాల్సింది హక్కుల లెక్క. ఒక పాటలో రెండు ఆస్తులుంటాయి. మాట, బాణీ కలిసింది ఒకటి. దాన్ని పాడి ముద్రించిన రికార్డింగు రెండోది. రెండో ఆస్తి సాధారణంగా ఖర్చు పెట్టినవాడిది. మొదటిది రాసినవాడిది, కట్టినవాడిది. 2012లో సవరించిన కాపీరైటు చట్టం ప్రకారం, సినిమాతో సంబంధం లేని రికార్డులో కూడా రచయిత, సంగీతకర్త తమ రాయల్టీలో సమాన వాటాను వదులుకున్నట్టు రాసిచ్చినా చెల్లదు. ఆ వాటా వసూలు చేసి పంచడానికి ఐపీఆర్ఎస్ అనే సంఘం ఉంది, అందులో సభ్యులుగా చేరవచ్చు. నలుగురు స్నేహితులు కలిసి పాట కట్టినప్పుడు ఎవరు ఏ పాదం రాశారో, బాణీ ఎవరిదో, ఎవరి వాటా ఎంతో పాట విడుదలకు ముందే ఒక కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకోవాలి. మంకీస్ మొండికేసిందీ, టీవీఎక్స్‌క్యూ కోర్టుకెక్కిందీ ఇలాంటి కాగితం మొదట్లో తమకు అనుకూలంగా లేకనే. పాట తమ పేరు మీద ఉండాలనుకునే కుర్రాళ్లు ఆ పేరును ముందు కాగితం మీద రాసుకోవాలి.