మత్తు సూది: గాయాన్ని బట్టి కాదు.. బరువును బట్టే డోసు!

విశాఖ జిల్లా పద్మనాభం లాంటి పల్లె మండలాల్లో కొడవలి తెగినా, బండి మీద నుంచి పడినా ముందుగా పరుగెత్తేది దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికే. కుట్లు వేసే ముందు అక్కడ ఇచ్చేది లోకల్ మత్తు సూది. చిన్న ఇంజెక్షనే కదా అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కానీ దాని వెనుక పక్కా లెక్క ఉంది.

ఏ మందు ఎప్పుడు?

కుట్లకు ఎక్కువగా వాడేది లిగ్నోకెయిన్. 1943లో స్వీడన్‌లో తయారైన ఈ మందు కొన్ని నిమిషాల్లోనే పనిచేస్తుంది. బుపివకెయిన్ కాస్త ఆలస్యంగా పట్టినా గంటల తరబడి నొప్పి తెలియనివ్వదు. లిగ్నోకెయిన్‌కు అడ్రినలిన్ కలిపితే రక్తస్రావం తగ్గి, మత్తు ఎక్కువసేపు ఉంటుంది.

లెక్క ఇలా..

అడ్రినలిన్ కలపని లిగ్నోకెయిన్ కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదన్నది చాలామంది డాక్టర్లు పాటించే జాగ్రత్త. 2 శాతం మందులో ఒక్కో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు ఉంటాయి. అంటే 60 కిలోల మనిషికి 9 మిల్లీలీటర్లు. అదే 15 కిలోల పిల్లాడికైతే రెండుంపావు మిల్లీలీటర్లే! గాయం పెద్దదైతే 1 శాతం మందు తీసుకుంటే సరి. డోసు పెరగకుండానే రెట్టింపు మేర సరిపోతుంది.

చీము గడ్డ దగ్గర మత్తు సరిగా పట్టదు. అక్కడి ఆమ్లత్వమే కారణం. పట్టలేదు కదా అని మళ్లీ మళ్లీ ఎక్కిస్తే ప్రమాదం. ఎన్నిసార్లు ఇచ్చినా మొత్తం కలిపే లెక్కేయాలి. మందు నేరుగా రక్తనాళంలోకి పోకుండా, ఎక్కించే ముందు సిరంజిని వెనక్కి లాగి రక్తం వస్తోందేమో చూడాలి.

ఈ లక్షణాలు కనిపిస్తే..

నోటి చుట్టూ తిమ్మిరి, నాలుకపై లోహపు రుచి, చెవుల్లో హోరు.. ఇవి మందు మోతాదు మించిందనడానికి తొలి సంకేతాలు. ముదిరితే ఫిట్స్ రావచ్చు, గుండె ఆగిపోవచ్చు. వెంటనే ఇంజెక్షన్ ఆపి ఆక్సిజన్ ఇవ్వాలి. తీవ్రమైతే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ నరానికి ఎక్కిస్తారు. అది లేని చోట చికిత్స ఆపకుండానే 108లో పెద్దాసుపత్రికి తరలించాలి.

రోగులూ ఓ పని చేయాలి. సూది వేయించుకునే ముందే బరువెంతో, గుండె, కాలేయం జబ్బులు, ఫిట్స్ ఉన్నాయేమో, గతంలో మత్తు సూది పడలేదేమో డాక్టర్‌కు చెప్పాలి. సూది పడ్డాక ఏమాత్రం తేడాగా అనిపించినా ఓర్చుకోకుండా నోరు విప్పాలి.