ఒక పాలు పులుపు, మూడు పాళ్లు నూనె

సలాడ్ డ్రెస్సింగ్‌కు మూలం మూడే వస్తువులు: పులుపు, నూనె, ఉప్పు. సూపర్ మార్కెట్ అరల్లో కనిపించే సీసాల్లో చాలావాటిలో ఈ మూడింటికే నీళ్లు, పంచదార, చిక్కదనం కోసం జిగురు, నిల్వ కోసం రసాయనాలు చేరుస్తారు. ఇంట్లో చేసుకుంటే ఆ చేర్పులు అక్కర్లేదు. ఐదు నిమిషాల పని, ఒక మూత ఉన్న గాజు సీసా చాలు. తెలుసుకోవలసిందల్లా పాళ్లు, వాటి వెనక ఉన్న కారణాలు.

ఈ పాళ్లు చాలా పాతవి. ఇంగ్లండ్‌కు చెందిన జాన్ ఎవలిన్ 1699లో సలాడ్ల కోసమే ‘అసిటేరియా’ అనే పుస్తకం రాశాడు. మంచి ఆలివ్ నూనె మూడు పాళ్లు, వెనిగర్ గానీ నిమ్మ, నారింజ రసాలు గానీ ఒక పాలు తీసుకోమని, ఉప్పు, ఆవపిండి, ఉడికించిన గుడ్డు పచ్చసొన కలపమని అందులో చెప్పాడు. ఫ్రెంచివారు వినిగ్రెట్ అని పిలిచే డ్రెస్సింగ్‌కు నేటికీ వంటల పుస్తకాలు ఇచ్చే కొలత ఇదే, మూడుకు ఒకటి.

అయితే ఈ కొలతను కళ్లు మూసుకుని పాటిస్తే మన వంటింట్లో డ్రెస్సింగ్ జిడ్డుగా తేలవచ్చు. కారణం వెనిగర్ బలం. ఫ్రాన్స్, ఇటలీల్లో వాడే ద్రాక్ష వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం సాధారణంగా 6 నుంచి 7 శాతం ఉంటుంది. మన దుకాణాల్లో దొరికేది ఎక్కువగా 4, 5 శాతం మధ్యలో ఉంటుంది. మన ఆహార భద్రత నిబంధనల ప్రకారం కనీసం 3.75 శాతం ఉంటే చాలు. పులుపు తక్కువైనప్పుడు నూనె తగ్గించాలి. మన వెనిగర్‌కు రెండు పాళ్ల నూనె సరిపోతుంది. లేత, చప్పటి ఆకులకైతే రెండున్నర. నిమ్మరసంలో ఆమ్లం 5, 6 శాతం దాకా ఉంటుంది గనక దానికి మూడు పాళ్లు నప్పుతాయి.

వెనిగర్ పుట్టేది సారాయి నుంచే. పండ్లరసంలోని తీపిని ఈస్టు ఆల్కహాలుగా మారుస్తుంది. ఆ ఆల్కహాలును గాలి తగిలే చోట ఎసిటోబాక్టర్ జాతి బ్యాక్టీరియా ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఇది సూక్ష్మజీవుల పని అని లూయీ పాశ్చర్ 1860లలో నిరూపించాడు. ఇలా పులియబెట్టి చేసిన వెనిగర్‌లో ఆమ్లంతోపాటు పండు వాసన, కొద్దిపాటి తీపి మిగులుతాయి. మన దగ్గర చవకగా దొరికే తెల్ల వెనిగర్లలో చాలావరకు సింథటిక్ రకం. ఎసిటిక్ ఆమ్లంలో నీళ్లు కలిపి చేస్తారు, ఆ సంగతి లేబుల్ మీద రాసి తీరాలి. ఊరబెట్టడానికి, గిన్నెల మరకలు తుడవడానికి అది బాగానే పనికొస్తుంది. సలాడ్‌లో మాత్రం దాని పులుపు ముక్కుకు కొడుతుంది, రుచిలో మరేమీ ఉండదు. అదొక్కటే అందుబాటులో ఉంటే సగం వెనిగర్, సగం నిమ్మరసం కలిపి చిటికెడు పంచదార వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. ప్రయోగశాలలకు అమ్మే గాఢమైన ఎసిటిక్ ఆమ్లాన్ని ఇంట్లో పలచన చేసుకునే ప్రయత్నం ఎన్నడూ చేయకూడదు. అది చర్మాన్నీ కళ్లనూ కాల్చేస్తుంది.

యాపిల్ సైడర్ వెనిగర్ మన కూరగాయలన్నిటితోనూ కలిసిపోతుంది. ఒక్క సీసాయే కొనాలనుకుంటే అదే కొనాలి. బియ్యం నుంచి చేసే జపాన్ వెనిగర్ చాలా మృదువు, కీరదోసకు అంతకన్నా మంచి జోడీ లేదు. ఇటలీలోని మోడెనా ప్రాంతపు అసలైన సంప్రదాయ బల్సామిక్ వేరే కోవ. ద్రాక్షరసాన్ని కాచి, కొయ్య పీపాల్లో కనీసం 12 ఏళ్లు మాగబెడతారు. దాన్ని చుక్కలుగా వాడతారు తప్ప డ్రెస్సింగ్‌లో కలపరు. సామాన్య ధరకు దొరికే బల్సామిక్ సీసాల్లో ఉండేది ద్రాక్ష వెనిగర్, ద్రాక్షరసం, చాలాసార్లు రంగు కోసం కొంచెం కేరమెల్. తీపిగా ఉంటుంది గనక టమాటాకు బాగుంటుంది.

నూనె విషయంలో ఒకే నియమం. పచ్చిగా నాలుక మీద వేసుకుంటే ఏ నూనె రుచి నచ్చుతుందో అదే మంచి నూనె. ఆవకాయలో పచ్చి నువ్వుల నూనె పోసుకుని తినే తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. గానుగాడించిన నువ్వుల నూనె, వేరుశనగ నూనె రెండూ డ్రెస్సింగ్‌లో చక్కగా ఇముడుతాయి. వాటి వాసన మరీ ముందుకొస్తుందనిపిస్తే సగం రిఫైన్డ్ నూనె కలపవచ్చు. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె వాడేవారు దాన్ని మిక్సీలో తిప్పకూడదు. బ్లేడు వేగానికి అందులోని చేదు బయటపడుతుంది. చేత్తో గిలకొడితే ఆ ఇబ్బంది రాదు.

ఇక కలపడం. నూనె, వెనిగర్ వాటంతట అవి కలవవు. సీసాలో వేసి గట్టిగా ఊపితే నూనె సన్నని బిందువులుగా చెదిరి పులుపులో తేలుతుంది, కాసేపటికి మళ్లీ పైకి తేరుకుంటుంది. ఈ తేరుకోవడాన్ని ఆలస్యం చేసేది ఆవపిండి. ఆవగింజ పొట్టులోని జిగురు పదార్థం, పిండిలోని సన్నని రేణువులు నూనె బిందువుల చుట్టూ చేరి అవి ఒకదానితో ఒకటి అతుక్కోకుండా అడ్డుపడతాయి. గుడ్డు పచ్చసొనలోని లెసిథిన్, తేనె చిక్కదనం కూడా ఇదే పని కొంత చేస్తాయి. ఆవపిండిని ముందుగా చన్నీళ్లతో తడిపి పది నిమిషాలు వదిలేయాలి. ఘాటు పుట్టించే ఎంజైము పనిచేసేది అప్పుడే. నేరుగా వెనిగర్‌లో వేస్తే ఆ ఎంజైము అణగిపోయి ఘాటు సగం కూడా రాదు. వేడికీ ఆ ఘాటు నిలవదు. ఆవ పెట్టిన కూరల్లో పొయ్యి మీంచి దించాకే ఆవముద్ద కలిపేది అందుకే.

వరస కూడా ముఖ్యమే. ఉప్పు, పంచదార నూనెలో కరగవు. అందుకని రెండు పెద్ద చెంచాల వెనిగర్‌లో అర చెంచా ఉప్పు, పావు చెంచా పంచదార వేసి పూర్తిగా కరిగేదాకా తిప్పాలి. అరచెంచా తడిపిన ఆవపిండి, కాస్త మిరియాల పొడి కలపాలి. ఆ తరవాతే నాలుగు పెద్ద చెంచాల నూనె పోయాలి. గిన్నెలో చేస్తే మొదట చుక్కలుగా, తరవాత సన్నని ధారగా పోస్తూ గిలకొట్టాలి. సీసాలో అయితే అన్నీ వేసి అరనిమిషం ఊపితే చాలు. రుచి చూడవలసింది చెంచాతో కాదు, ఒక ఆకునో కీరా ముక్కనో ముంచి. ఉత్తి డ్రెస్సింగ్ నాలుకకు ఎప్పుడూ ఘాటుగానే అనిపిస్తుంది. ఈ మోతాదు నలుగురి సలాడ్‌కు సరిపోయి కొంచెం మిగులుతుంది.

ఆకుల సలాడ్ చెడిపోవడానికి మొదటి కారణం తడి. కడిగిన ఆకుల మీద నీళ్లు నిలిస్తే నూనె అంటుకోక అడుక్కి జారిపోతుంది. పలచని బట్టలో మూటకట్టి విదిలిస్తే తడి పోతుంది. రెండో కారణం తొందర. ఆకు పైన మైనం లాంటి పొర ఉంటుంది. వెనిగర్‌ను అది ఆపగలదు గానీ నూనెను అంతగా ఆపలేదు. నూనె లోపలికి చొరబడ్డాక ఆకు వడలి నల్లబడుతుంది. కాబట్టి ఆకుకూరల సలాడ్‌లో డ్రెస్సింగ్ వడ్డించే ముందే కలపాలి, అదీ ఆకులకు పూత పట్టేంత మాత్రమే.

నూనె మానేస్తే ఆరోగ్యం అనుకునేవారు ఒక సంగతి గమనించాలి. క్యారెట్, టమాటా, ఆకుకూరల్లోని కెరోటినాయిడ్లు కొవ్వులో కరిగే పదార్థాలు. నూనె లేని డ్రెస్సింగ్‌తో తిన్నవారి శరీరం వాటిని దాదాపుగా గ్రహించలేదని, నూనె పెరిగిన కొద్దీ గ్రహించడం పెరిగిందని 2004లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం తేల్చింది. నూనె కొలిచి వాడుకోవడం మంచిది, పూర్తిగా తీసేయడం నష్టం.

చిక్కటి డ్రెస్సింగ్‌లలో ఎక్కువ వాటికి పునాది మేయొనీజ్, దానికి పునాది పచ్చి గుడ్డు. ఇక్కడ జాగ్రత్త తప్పనిసరి. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండవచ్చు, మన ఎండలకు అది వేగంగా పెరుగుతుంది. ఆహారం కలుషితమైన సంఘటనల నేపథ్యంలో తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న పచ్చి గుడ్లతో చేసే మేయొనీజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. ఇంట్లో దాని అవసరమే లేదు. ఎవలిన్ చెప్పినట్టు ఉడికించిన పచ్చసొనను మెత్తగా మెదిపి, ఆవపిండి, వెనిగర్ వేసి, కొంచెం కొంచెంగా నూనె కలుపుతూ పోతే చిక్కని, కమ్మని డ్రెస్సింగ్ వస్తుంది. గుడ్డు తిననివారికి గుడ్డలో మూటకట్టి నీరు కార్చిన గడ్డపెరుగు ఉంది. అందులో నిమ్మరసం, జీలకర్ర పొడి, పుదీనా, చెంచాడు నూనె కలిపితే చాలు. వేయించిన నువ్వులు మెత్తగా నూరి నిమ్మరసం, నీళ్లతో పలచన చేస్తే అరబ్బు దేశాల తహీనా డ్రెస్సింగ్‌కు చాలా దగ్గరగా వస్తుంది.

వెనిగర్‌తోనే నడిచే సలాడ్లు మరో తరహా. వీటిలో ఆకులు ఉండవు, గట్టి కూరగాయలు, గింజలు ఉంటాయి. ఇవి ఊరిన కొద్దీ బాగుపడతాయి గనక ముందురోజే చేసి పెట్టుకోవచ్చు. అన్నిటిలోకీ తేలికైనది కీరదోస సలాడ్. చక్రాలుగా పలచగా తరిగి, ఉప్పు చల్లి ఇరవై నిమిషాలు ఉంచాలి. ఉప్పు లోపలి నీటిని బయటకు లాగుతుంది. ఆ నీరు పిండేశాక ముక్క కరకరలాడుతుంది, పులుపును పీల్చుకోవడానికి చోటు దొరుకుతుంది. ఈ మెట్టు దాటవేస్తే గంట తిరిగేసరికి గిన్నెలో నీళ్లూ ముక్కలూ వేరవుతాయి. రెండు కీరదోసలకు రెండు పెద్ద చెంచాల వెనిగర్, చెంచాడు పంచదార సరిపోతాయి. జపాన్‌లో దీనికి సోయా సాస్, నువ్వులు చేరుస్తారు, జర్మనీలో సోవాకు వంటి డిల్ చేరుస్తారు.

హైదరాబాద్ కబాబుల పక్కన కనిపించే సిర్కా ఉల్లిపాయలదీ ఇదే దారి. ఉల్లిని తరిగినప్పుడు కణాలు చిట్లి గంధకపు ఘాటు పుడుతుంది. తరిగిన ముక్కలను చన్నీళ్లలో ఒకసారి కడిగి, సమపాళ్లలో వెనిగర్, నీళ్లు, తగినంత ఉప్పు కలిపి అరగంట నానబెడితే ఘాటు తగ్గుతుంది. ఎర్ర ఉల్లిలోని రంగు పదార్థం పులుపు తగలగానే గులాబీ రంగుకు తిరుగుతుంది. పచ్చని కూరగాయలకు దీనికి విరుద్ధంగా జరుగుతుంది. బీన్స్, బఠాణీల పచ్చదనం పులుపులో కొన్ని గంటలకు పాలిపోతుంది, అందుకే వాటిని చివర్లో కలపాలి.

బంగాళాదుంప సలాడ్ అనగానే చాలామందికి మేయొనీజ్ గుర్తొస్తుంది గానీ, దక్షిణ జర్మనీలో చేసేది వెనిగర్‌తోనే. దుంపలు ఉడికి ఇంకా వేడిగా ఉన్నప్పుడే చక్రాలుగా కోసి, వెనిగర్, ఉప్పు, వేడి కూరగాయల రసం పోసి పావుగంట వదిలేస్తారు. వేడి దుంప పులుపును లోపలిదాకా పీల్చుకుంటుంది, చల్లారిన దుంపకు అది పైపైనే అంటుతుంది. నూనె చివర్లో పోయాలి. ముందే పోస్తే ముక్కల చుట్టూ పూత కట్టి పులుపును లోపలికి పోనివ్వదు. సన్నని ఉల్లి తరుగు, మిరియాలు చేరిస్తే ఇది ఒక పూట భోజనానికి సరిపోయేంత దిట్టమైన వంటకం.

సెనగలు, అలసందలు, రాజ్మా ఉడికించి వేడి మీదే వినిగ్రెట్‌లో కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే మరుసటి రోజుకు మంచి సలాడ్. రాజ్మాను మాత్రం నానబెట్టిన నీళ్లు పారబోసి, కుక్కర్లో మెత్తబడేదాకా ఉడికించాలి. సరిగా ఉడకని గింజల్లోని లెక్టిన్ వాంతులు, విరేచనాలు తెస్తుంది. నానిన పెసరపప్పు, కీరదోస, కొబ్బరి కోరులో నిమ్మరసం పిండి, ఆవాల పోపు పెట్టే కోసంబరి కూడా ఈ కుటుంబానిదే. పులుపు, ఉప్పు, నూనె, ఆవాలు అందులో అన్నీ ఉన్నాయి.

వెనిగర్ సలాడ్లకు గాజు, పింగాణీ, స్టీలు గిన్నెలే వాడాలి. అల్యూమినియం పులుపులో కరుగుతుంది, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో కిలమెక్కుతుంది. నిల్వ విషయంలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం పచ్చి వెల్లుల్లి నానేసిన నూనె. వెల్లుల్లి మీద మట్టి నుంచి వచ్చిన బోటులినమ్ బ్యాక్టీరియా బీజాలు ఉండవచ్చు. నూనెలో గాలి ఆడదు, పులుపు ఉండదు, ఆ బ్యాక్టీరియాకు అదే కావాలి. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఇలాంటి వెల్లుల్లి నూనె వల్ల 30 మందికి పైగా ప్రాణాంతకమైన బోటులిజం బారిన పడ్డారు. రుచిలోనూ వాసనలోనూ ఆ విషం తెలియదు. అందుచేత వెల్లుల్లి వేసిన డ్రెస్సింగ్ ఏదైనా చేసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లోపే ముగించాలి. పెరుగుతో, పచ్చసొనతో, పచ్చి ఆకులతో చేసినవాటికి మూడు రోజులు గడువు. వెనిగర్, నూనె, ఉప్పు, ఆవపిండి మాత్రమే ఉన్నది రెండు వారాలు నిలుస్తుంది. ఫ్రిజ్‌లో ఆలివ్ నూనె గడ్డకట్టడం సహజం, పది నిమిషాలు బయట ఉంచి ఊపితే మామూలవుతుంది. ఏ డ్రెస్సింగ్ అయినా సీసా మీద చేసిన తేదీ రాసిపెట్టుకోవాలి, గడువు దాటితే ఎంత బాగున్నట్టు కనిపించినా పారబోయాలి.