మూడు కాపీలుంటే... నిశ్చింత!

పెళ్లి ఫొటోలు, పాపాయి తొలి అడుగుల వీడియో, పొలం కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు... ఇప్పుడన్నీ కంప్యూటర్లోనే. మరి అది మొరాయిస్తే? పొరపాటున ఎవరైనా డిలీట్ నొక్కేస్తే? ముందుచూపు ఎలా ఉండాలో జగ్గయ్యపేట రాళ్లనడిగితే చెబుతాయి!

జగ్గయ్యపేట దగ్గరి బౌద్ధస్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో, సిద్ధార్థుడనే శిల్పి ఆ స్తూపానికి అయిదు ఆయక స్తంభాలను కానుకగా ఇచ్చాడు. ఆ సంగతిని ఒక్క స్తంభం మీద చెక్కి ఊరుకోలేదు. మూడింటి మీద చెక్కారు. స్తూపం శిథిలమైంది కానీ ఆ దానం కబురు మాత్రం మనదాకా చేరింది.

కంప్యూటర్ నిపుణులు చెప్పేదీ అదే. దాని పేరు '3-2-1' సూత్రం. పీటర్ క్రో అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ దీనికి ప్రచారం కల్పించాడు. ముఖ్యమైన ఫైలుకి మూడు కాపీలుండాలి. అవి రెండు రకాల పరికరాల్లో ఉండాలి. అందులో ఒకటి వేరే చోట ఉండాలి.

వేరే చోటే ఎందుకు?

2024 సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలకు జగ్గయ్యపేట వీధులు ఏరులయ్యాయి. నందిగామ దగ్గర ఐతవరం వద్ద మున్నేరు హైదరాబాద్ రహదారినే ముంచెత్తింది. 2023 జులైలోనూ అంతే. అలాంటప్పుడు కంప్యూటరూ, దాని పక్కనే బీరువాలో దాచిన హార్డ్ డిస్కూ కలిసే తడుస్తాయి. పోనీ నందిగామలో అత్తగారింట్లో పెడదామా అంటే, జగ్గయ్యపేటలో కురిసిన వాన అక్కడ మాత్రం కురవదా! అందుకే మూడో కాపీ దూరంగా ఉన్న పిల్లల దగ్గరో, ఇంటర్నెట్‌లోనో ఉండాలి.

1998లో 'టాయ్ స్టోరీ 2' సినిమా తీస్తుండగా ఒక తప్పుడు కమాండ్‌తో ఫైళ్లు చాలావరకు చెరిగిపోయాయి. బ్యాకప్ ఉందిలే అనుకుంటే అదీ సరిగా పనిచేయడం లేదు! ఇంటి నుంచి పనిచేస్తున్న ఓ ఉద్యోగిని కంప్యూటర్లోని కాపీయే ఆదుకుంది. కాపీ తీస్తే సరిపోదు, అప్పుడప్పుడూ తెరిచి చూడాలన్నమాట.

పదిమంది వాడేచోట...

నెట్ సెంటర్లలో, కాలేజీ ల్యాబుల్లో కొన్ని కంప్యూటర్లను రీస్టార్ట్ చేయగానే పాత స్థితికి వచ్చేలా అమర్చుతారు. డెస్క్‌టాప్ మీద దాచిన దరఖాస్తు మర్నాటికి మాయం! పని కాగానే ఫైలుని మీ మెయిల్‌కి పంపుకోండి. ఆధార్ కాపీలాంటివుంటే అక్కడ చెరిపేసి, మెయిల్ నుంచి లాగౌట్ అయి లేవండి.

పెన్‌డ్రైవ్‌లో డిలీట్ చేసింది మామూలుగా రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు. కాబట్టి అదొక్కటే ఆధారం కాకూడదు. ఫైలు రాస్తుండగా ఊడబీకినా పాడైపోవచ్చు.

ఇంట్లో ఒకే కంప్యూటరుంటే నాన్నకో అకౌంటు, అమ్మకో అకౌంటు, పిల్లలకో అకౌంటు తెరవండి. ఆటల కోసం చోటు ఖాళీ చేస్తూ బుడుగులు అమ్మ ఫైళ్లు చెరిపేసే ప్రమాదం తగ్గుతుంది.

డీటీపీ చేయించేవాళ్లకి ఇంకో చిక్కు. అను ఫాంట్లలో టైపు చేసిన పుస్తకం ఫైలు భద్రంగానే ఉన్నా, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. పీడీఎఫ్‌నీ, యూనికోడ్‌లోకి మార్చిన ప్రతినీ కూడా అడిగి తీసుకోండి.

తీగ తీసెయ్యండి

2017 మేలో 'వాన్నాక్రై' ప్రపంచాన్ని వణికించినప్పుడు మన రాష్ట్ర పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఇలాంటి వైరస్‌లు ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడుగుతాయి. బ్యాకప్ డిస్క్ తగిలించే ఉంటే దానికీ తాళం పడొచ్చు. అందుకే కాపీ అవగానే తీగ తీసి పక్కన పెట్టాలి.

గూగుల్ డ్రైవ్‌లో ఉంది కదా అని ధీమా వద్దు. ఒకచోట చెరిపితే అన్నిచోట్లా పోతుంది. చెత్తబుట్టలో ఉండేది ముప్ఫై రోజులే.

పొరపాటున చెరిపేస్తే?

ముందు రీసైకిల్ బిన్ చూడండి. అక్కడా లేకపోతే ఆ కంప్యూటర్లో ఇంకేమీ చేయకండి. పాతరకం హార్డ్ డిస్క్‌లో డిలీట్ అంటే విషయసూచికలో పేరు కొట్టేయడమే. అసలు ఫైలు అక్కడే ఉంటుంది, దానిమీద కొత్తది పడేదాకా. ఫైలు వెతికే సాఫ్ట్‌వేర్‌ని అదే డిస్క్‌లో ఎక్కిస్తే అదే దానిమీద పడొచ్చు! కొత్తరకం ఎస్ఎస్‌డీల్లో అయితే చెరిగింది దొరకడం చాలా కష్టం.

పోయాక వెతుక్కోవడానికి రోజులు పడుతుంది. ముందే కాపీ తీసుకోవడానికి పూట చాలు. ఇవాళ ఆదివారమేగా... పెళ్లి ఫొటోలతో మొదలుపెట్టండి!