ఒడ్డుకు రాని ఓడలు

శుక్రవారం ఖురం బీచ్‌కు వెళ్ళిన మన వాళ్ళు తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "ఆ పెద్ద ఓడలు ఒడ్డుకు రాకుండా అక్కడే ఎందుకు నిలబడతాయి?"

అక్కడున్నవి ఎక్కువగా ముడి చమురు కోసం మినా అల్ ఫహల్‌కు వచ్చే ట్యాంకర్లు. బాగా పెద్ద ట్యాంకర్ నిండితే 20 మీటర్లకు పైగా నీళ్ళలోకి దిగుతుంది. ఒడ్డు దగ్గర అంత లోతేదీ? అందుకే చమురే ఓడ దగ్గరకు పోతుంది. ఎడారి నుంచి పైపులైనులో వచ్చి ట్యాంకుల్లో నిలవున్న చమురు, సముద్రం అడుగున వేసిన పైపుల్లో బోయా దాకా వెళ్తుంది. బోయా అంటే గొలుసులతో సముద్రం అడుక్కి కట్టిన పెద్ద ఇనుప తేలుడు డబ్బా. గాలి ఎటు తోస్తే ఓడ అటు దాని చుట్టూ తిరుగుతుంది. బోయా పైభాగమూ తిరుగుతుంది కాబట్టి గొట్టం మెలిపడదు. కిటుకంతా అందులోనే ఉంది. మన విశాఖ సముద్రంలోనూ హెచ్.పి.సి.ఎల్. వాళ్ళకు ఇలాంటి ఏర్పాటే ఉంది.

ఒమన్ మొదటి చమురు ఎగుమతి 1967 జూలై 27న జరిగింది. 5,43,800 బ్యారెళ్ళు, బ్యారెల్ ధర 1.42 డాలర్లు!

కష్టం మాత్రం మనుషులదే. లాంచీలో వెళ్ళి, నీళ్ళ మీద తేలే బరువైన రబ్బరు గొట్టాన్ని ఊగే అలల మధ్య ఓడ క్రేనుకు తగిలించాలి. ఓడను బోయాకు కట్టిన తాడు బిగిసి తెగిందా, పక్కనున్నవాడి ప్రాణానికే ముప్పు. లోడింగ్ అయ్యేదాకా ఓడ ముందు భాగంలో ఒకరు ఆ తాడునే చూస్తూ కాపలా ఉంటారు. రాత్రయినా అంతే.