సగటు దాచే సత్యం

విద్యారంగం గురించి వెలువడే ప్రభుత్వ నివేదికల్లో ఒక అంకె తప్పక కనిపిస్తుంది. అది విద్యార్థి-ఉపాధ్యాయ నిష్పత్తి. ఒక ఉపాధ్యాయునికి ఎంతమంది పిల్లలు అన్నదే దాని అర్థం. ఇది అధికారుల లెక్క అనీ, సాహిత్యానికి దీనితో పనిలేదనీ మన రచయితలు చాలామంది భావిస్తారు. నేనలా భావించను. మనం రాసింది చదవగల పాఠకుడు మొదట తయారయ్యేది బడిలోనే. ఆ బడిలో పాఠం చెప్పేవాడున్నాడా, ఉన్నవాడికి చెప్పే విద్య తెలుసా అన్నది సాహిత్య ప్రశ్న కూడా. కనుక ఈ అంకె ఏం చెబుతుందో, ఏం దాస్తుందో పరిశీలించడం అవసరం.

నిజానికి ఇక్కడ నిష్పత్తులు రెండు. ఒకటి మొత్తం ఉపాధ్యాయులను లెక్కలోకి తీసుకుంటుంది. రెండవది బోధనలో శిక్షణ పొందినవారిని మాత్రమే తీసుకుంటుంది. ఒక ఉన్నత పాఠశాలలో 210 మంది పిల్లలు, ఏడుగురు ఉపాధ్యాయులు ఉన్నారనుకుందాం. మొదటి నిష్పత్తి 30. ఆ ఏడుగురిలో శిక్షణ పొందినవారు ఐదుగురే అయితే రెండవ నిష్పత్తి 42 అవుతుంది. ఇద్దరే అయితే 105. ఒక్కరూ లేకపోతే లెక్కే కుదరదు; సున్నాతో భాగించడం గణితంలో లేదు. ఇంత జరిగినా మొదటి అంకె మాత్రం 30 దగ్గరే నిబ్బరంగా నిలబడి ఉంటుంది!

సాహిత్య విద్యార్థులకు దీనికి మంచి ఉదాహరణ దగ్గర్లోనే ఉంది. 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయిన గురజాడ 'కన్యాశుల్కం'లో గిరీశం వెంకటేశానికి గురువు. ఒక శిష్యునికి ఒక గురువు. ఇంతకంటే ఆదర్శమైన నిష్పత్తి ఏ ప్రభుత్వం ఇవ్వగలదు? అయినా ఆ శిష్యునికి అబ్బింది చుట్ట కాల్చడం. పిల్లల సంఖ్య తగ్గినంత మాత్రాన చదువు రాదని గురజాడ ఏ గణాంకాలూ లేకుండానే చూపించాడు.

ఇక చట్టం సంగతి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రాథమిక తరగతుల్లో 60 మంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మందికి ఒకరు ఉండాలని అది నిర్దేశించింది. ఈ కొలత ప్రతి బడిలోనూ పాటించాలన్నది అందులోని కీలకం. రాష్ట్రం సగటు బాగుంటే చాలదు. శిక్షణ లేకుండా పనిలో ఉన్నవారు 2019 మార్చి 31 లోగా అర్హత సంపాదించాలని 2017లో చట్టాన్ని సవరించారు. అంటే చట్టం వచ్చిన ఎనిమిదేళ్లకు కూడా దేశంలో శిక్షణలేని ఉపాధ్యాయులు మిగిలే ఉన్నారని పార్లమెంటే అంగీకరించినట్టు.

అయితే ఈ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకే. తొమ్మిది, పది తరగతులు దాని పరిధికి వెలుపల ఉన్నాయి. వాటికోసం 2009లోనే కేంద్రం మాధ్యమిక విద్యా పథకం తెచ్చి 30 మందికి ఒక ఉపాధ్యాయుడన్న లక్ష్యం పెట్టుకుంది. కాని ఉన్నత పాఠశాలలో పనిచేసేది ఒట్టి 'ఉపాధ్యాయుడు' కాదు. గణితం చెప్పేవాడు, జీవశాస్త్రం చెప్పేవాడు, తెలుగు చెప్పేవాడు. 150 మందికి ఐదుగురుంటే నిష్పత్తి సరిపోయినట్టే. ఆ ఐదుగురిలో గణితం చెప్పేవాడు లేకపోతే ఆ సబ్జెక్టు వరకు మళ్లీ సున్నాయే.

మా కోహీర్ వంటి చోట ఇంకొక చిక్కు కూడా ఉంది. ఈ ప్రాంతం 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్ జిల్లాలో చేరింది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. గీత మారింది గాని నోళ్లు మారలేదు. తెలుగు, ఉర్దూ పక్కపక్కనే బతుకుతాయి. కన్నడం, మరాఠీ చేరువలోనే వినిపిస్తాయి. తండాల్లో ఇంటి భాష లంబాడీ. తెలుగు మాధ్యమంలో ఉపాధ్యాయులు నిండుగా ఉండి, ఉర్దూ మాధ్యమంలో ఖాళీలుంటే, రెండూ కలిపి తీసిన సగటు చక్కగానే కనిపిస్తుంది. ఉర్దూ మాధ్యమంలో రిజర్వు అయిన పోస్టులు అభ్యర్థులు దొరకక మిగిలిపోవడం తెలంగాణలో కొత్త కాదు. ఒకరి నిండుదనం మరొకరి కొరతను కప్పిపుచ్చడమే సగటు స్వభావం.

శిక్షణ పొందిన ఉపాధ్యాయుల కొరత ఎంతదూరం పోగలదో మన చరిత్రే చెబుతుంది. నిజాం పాలనలో పై చదువులు ఉర్దూలో సాగాయి. 1948 తరువాత మాతృభాషలో బోధనకు తెలుగు చెప్పగలవారు కావలసివచ్చారు. బయటి ప్రాంతాలవారు ఉద్యోగాల్లో చేరడం, స్థానిక యువకులు వెలుపలే నిలబడిపోవడం అసంతృప్తిని రగిల్చాయి. 1952లో వరంగల్లులో ఉపాధ్యాయ నియామకాలపై మొదలైన ముల్కీ ఆందోళన హైదరాబాదుకు పాకింది. సెప్టెంబరు 3, 4 తేదీల్లో పోలీసు కాల్పుల్లో విద్యార్థులు మరణించారు. స్థానికులకు చదువూ, శిక్షణా సకాలంలో అందించని పాలన చేసిన అప్పును ఆ పిల్లలు ప్రాణాలతో తీర్చారు.

ఆ చరిత్ర నుంచి పాలకవర్గాలు పాఠం నేర్చుకున్నాయా? తెలంగాణలో ప్రభుత్వ, స్థానిక సంస్థల బడుల్లో 8,792 పోస్టుల భర్తీకి 2017లో ప్రకటన వచ్చింది. ఆ తరువాత నియామకాల దాకా సాగిన ప్రకటన 2024లో, 11,062 పోస్టులకు. మధ్య ఏడేళ్లు. ఆరో తరగతిలో చేరిన పిల్ల పది దాటిపోవడానికి అంత కాలం కూడా అక్కర్లేదు. పోస్టు ఆలస్యంగానైనా నిండుతుంది. ఆ పిల్ల పోగొట్టుకున్న తరగతి తిరిగి రాదు.

మరొక భ్రమను కూడా వదిలించుకోవాలి. నిష్పత్తి తగ్గడం ఎప్పుడూ ప్రగతికి గుర్తు కాదు. ఉపాధ్యాయులు పెరిగితే తగ్గుతుంది. పిల్లలు ప్రైవేటు బడులకు వెళ్లిపోయినా తగ్గుతుంది. పదిమంది పిల్లలు, ఒక ఉపాధ్యాయుడు ఉన్న బడిలో నిష్పత్తి 10. కాగితం మీద అది సంపన్న దేశాల స్థాయి. వాస్తవంలో ఆ ఒక్కడూ అన్ని తరగతులనూ ఒకేసారి నడపాలి. అతడు సెలవు పెడితే ఆనాటికి బడి లేనట్టే. ఇలాంటి అంకెను చూపి 'ఉపాధ్యాయులు ఎక్కువైపోయారు' అని బడిని మూసే వాదన కూడా పుడుతుంది. ఒకే అంకె ఒకచోట ఘనకార్యంగానూ, మరొకచోట మూసివేతకు సాకుగానూ ఉపయోగపడుతుందన్నమాట.

అంచేత ఈ నిష్పత్తి కనిపించినప్పుడల్లా అడగవలసిన ప్రశ్నలున్నాయి. ఏ బడిది? ఏ మాధ్యమంలో? ఏ సబ్జెక్టులో? వారిలో శిక్షణ పొందినవారెందరు? పైనున్న అంకె తగ్గిందా, కిందున్న అంకె పెరిగిందా? ఇవి అడగకుండా అంకెను నమ్మడం, ముందుమాట చదివి నవలను మెచ్చుకోవడం వంటిది.

మన కథల్లో పంతులు త్యాగమూర్తిగానో, బతకలేని బడిపంతులుగానో చాలాసార్లు వచ్చాడు. రానివాడు ఒకడున్నాడు: ఆ బడికి ఎన్నడూ రాని, నియామకమే జరగని పంతులు. ఖాళీ కుర్చీ ముందు కూర్చుని పెరిగిన పిల్లల జీవితం కూడా కథావస్తువే. అభ్యుదయ రచయిత చూపు సగటు దగ్గర ఆగిపోకూడదు. సగటు కింద నలిగే మనిషి దాకా వెళ్లాలి. ఆ పిల్లలే రేపటి పాఠకులన్న సంగతి మనం మరిస్తే, మనల్ని చదివేవారెందరన్న లెక్క కూడా ఒకనాడు సున్నా దగ్గరికే చేరుతుంది.