కవండి: మూలల మడతపువ్వు

‘గంతకు తగ్గ బొంత’ యను సామెత మనకు సుపరిచితము. సంస్కృత కంథాశబ్దమునకు మన నిఘంటువులు బొంత యనియే యర్థము చెప్పుచున్నవి. ఈ వాడుకవలన బొంత యనగా చింకిగుడ్డల కూర్పనియు, చలి కాచుటయే దాని ప్రయోజనమనియు మనకొక తలంపు స్థిరపడినది. కర్ణాటకమున ఉత్తర కన్నడ జిల్లాయందు సిద్దీ స్త్రీలు కుట్టు కవండి యీ తలంపును పునర్విచారింప జేయుచున్నది.

సిద్దీలు ఆఫ్రికానుండి వచ్చినవారి సంతతివారు. వీరి పూర్వులలో పలువురిని పోర్చుగీసువారు బానిసలుగా గోవాకు గొనివచ్చిరి. తప్పించుకొన్నవారు పడమటి కనుమల యడవులను ఆశ్రయించిరి. నేడు ఎల్లాపుర, హళియాళ, ముండగోడు తాలూకాలలో వీరి పల్లెలు కలవు. వీరిలో హిందువులును, మహమ్మదీయులును, క్రైస్తవులును ఉన్నారు. కవండి మూడు తెగలవారికిని సమానమైన సొత్తు.

పాతచీర నొకదానిని అడుగుపొరగా బరచి, అంచున ఒక మూలనుండి కుట్టు మొదలిడుదురు. పాతబట్టల ముక్కలను అంచులు లోనికి మడచి, ఒకదానిప్రక్క నొకటిగా నుంచుచు, పైకి క్రిందికి సూది నడచు తిన్నని కుట్టుతో బిగింతురు. వరుసలు నాలుగంచుల వెంబడి చుట్టుకొనుచు నడుమకు జేరును. ఆ యొక్క కుట్టే ముక్కను నిలుపును, పొరలను కలుపును, ఉపరితలమును గీతలతో నింపును. ఇచట పనిని, అలంకారమును విడదీయుటకు వీలులేదు.

అయినను ఒక యంశము ప్రయోజనదృష్టికి లొంగదు. మూలలయందు చిన్నగుడ్డలను త్రికోణముగా మడచి పొరమీద పొరగా కుట్టుదురు. దీనికి ‘ఫూల’, అనగా పువ్వు, అని పేరు. దీనివలన బొంతకు వెచ్చదనము పెరుగదు. కాని పువ్వులు లేని కవండి నగ్నమని యా స్త్రీలు భావింతురు. అమెరికా కళాచరిత్రకారుడు హెన్రీ జాన్ డ్రూయల్ ఈ విషయమును ప్రకటించెను. దేహమును కప్పవలసిన వస్తువునకే నగ్నత్వము చెప్పుట గమనింపదగినది. ఏది యుండిన బొంత పూర్తియగునో నిర్ణయించునది చలి కాదు, కుట్టు స్త్రీ.

పాత కవండి కొలతలు, రంగులు, ముక్కల లెక్క వ్రాసికొని తృప్తిపడు పరిశోధకునకు ఈ నిర్ణయము దొరకదు. బొంత చినిగియు కొంతకాలము నిలుచును. కుట్టినవారి మాట వారితోనే పోవును. కావున మన పల్లెల బొంతలను పరిశీలించు విద్యార్థులు మొదట కుట్టిన యవ్వను మూడు ప్రశ్నలడుగవలెను: కుట్టు ఎచట మొదలైనది? మూలకు పేరేమి? ఏది లేనిచో పని ముగియనట్లు?